నార్మల్ అంటే ఎవరి కొలత?

మా వీధి కోడలు ఒకమ్మాయి. కాపురం కోనసీమలో, పుట్టిల్లు గోదావరి పాయ అవతల లంక గ్రామంలో. మొదటి గర్భం. ఏడో నెలలో ముందు కాళ్ళు వాచాయి, తరవాత చేతులు, మొహం. గాజులు బిగుసుకుపోయాయి. తలనొప్పి అంటూ పడుకునేది. వాళ్ళ అత్తగారు నన్ను పిలిచి చూపించింది. "నీరు పట్టిందండి. మా రోజుల్లో మాకూ పట్టింది, ఏమైపోయాం? మీరు ఆరోగ్యం మీటింగులు పెడుతుంటారు కదా, ఓసారి కాగితాలు చూడండి" అంది. పది రోజుల కిందట ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేయించిన రక్తపరీక్ష కాగితం అది. క్రియాటినిన్ 1.0 అని ఉంది. పక్కన అచ్చువేసిన హద్దు 0.6 నుంచి 1.2. కింద "నార్మల్" అని రాసి ఉంది. బి.పి. ఎంతో ఎక్కడా రాసిలేదు. నేనూ ఆ కాగితం చూసి, "కిడ్నీలు బాగానే ఉన్నాయండి" అని మడిచి ఇచ్చేశాను. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆరోగ్యం గురించి ఊరూరా మాట్లాడుతున్న నేను!

ఆ తరవాత వారానికి సీమంతం చేసి పుట్టింటికి పంపారు. అక్కడ రెండో రోజు రాత్రి ఆ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. గుర్రపు వాతం అన్నారు, గాలి సోకిందన్నారు. పడవ దాటించి, ఆటో మాట్లాడుకుని, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పి చివరికి పెద్దాసుపత్రికి చేర్చారు. అమ్మాయి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ కాగితం గురించి తరవాత చాలా రోజులు ఆలోచించాను. తెలిసిన డాక్టర్లని అడిగాను, చదివాను. అర్థమైందేమిటంటే ఆ కాగితంలో అంకె తప్పు కాదు. పక్కన ఉన్న కొలత తప్పు. అది గర్భిణి కొలత కాదు. ఈ వ్యాసం ఆ కొలత గురించే. ఇది డాక్టర్లకి వదిలెయ్యాల్సిన విషయం కాదనీ, హక్కుల గురించి మాట్లాడే మనమందరం తెలుసుకుని అడగాల్సిన విషయమనీ నా అభిప్రాయం.

గర్భం అనగానే మనకి గర్భసంచీ ఒక్కటే గుర్తొస్తుంది. కానీ గర్భం దాల్చిన మొదటి వారాల్లోనే, చాలామందికి నెల తప్పిందన్న సంగతి ఇంకా గట్టిగా తెలియకముందే, కిడ్నీల్లో పెద్ద మార్పు మొదలవుతుంది. వాటికి చేరే రక్తం యాభై శాతానికి పైగా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఒక స్త్రీ కిడ్నీలు రోజుకి దాదాపు 150 లీటర్లు వడకట్టి, అందులో దాదాపు అంతా తిరిగి ఒంటికి ఇచ్చేస్తాయి. గర్భంలో ఆ వడపోత దాదాపు ఒకటిన్నర రెట్లై, 200 లీటర్లు దాటుతుంది. కిడ్నీ పొడవు కూడా ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. ఇదంతా హార్మోన్ల పని. వాటిలో ముఖ్యమైనది రిలాక్సిన్. 1926లో అమెరికాలో ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త దీని జాడ మొదట కనిపెట్టింది గినీపందుల్లో. కాన్పు వేళ కటి ఎముకల కీళ్ళు వదులయ్యేది దీనివల్లనే అని అప్పట్లో అనుకున్నారు. కిడ్నీ ఊసు ఎవరికీ రాలేదు. 1990ల చివర్లో కిర్క్ కాన్రాడ్ బృందం ఎలుకలకి ఈ హార్మోన్ ఎక్కించి చూస్తే కిడ్నీ రక్తనాళాలు విప్పారి వడపోత పెరిగింది. ఆడ ఎలుకలకే కాదు, మగ ఎలుకలకి ఎక్కించినా అంతే. గర్భంతో ఉన్న ఎలుకల్లో ఈ హార్మోన్‌ని పనిచెయ్యకుండా ఆపితే ఆ పెరుగుదల రాలేదు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ పని అర్థమయ్యేలా చెప్పడం కష్టం కాదు. కాలవకి పై తూము, కింది తూము ఉంటాయి. పైన నీళ్ళు ఎక్కువ వదిలి కింద మూసేస్తే గట్టు తెగుతుంది. రెండూ కలిపి తెరిస్తే పారే నీరు పెరుగుతుంది గాని గట్టు మీద ఒత్తిడి పెరగదు. కిడ్నీలో ఉండే లక్షల వడపోత గుత్తులు ఒక్కొక్కదానికీ రక్తం వచ్చే సన్నని నాళం ఒకటి, పోయే నాళం ఒకటి ఉంటాయి. గర్భం హార్మోన్లు ఈ రెండు నాళాలనీ కలిపి తెరుస్తాయి. అందుకే తొమ్మిది నెలలు అంత పని చేసినా ఆరోగ్యంగా ఉన్న స్త్రీ కిడ్నీ దెబ్బతినదు. "గర్భం రాగానే ఆడదాని ఒళ్ళు బలహీనపడుతుంది" అని మనకి చెబుతూ వచ్చారు. నిజం తిరగబడి ఉంది. అంత పని ఇంకెప్పుడూ ఆ శరీరం చెయ్యదు.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీ ఎంత బాగా వడకడితే రక్తంలో అది అంత తగ్గుతుంది. వడపోత ఒకటిన్నర రెట్లైన గర్భిణి రక్తంలో అది మామూలుగా 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. 0.9 వచ్చిందంటే ఆగి చూడాలి. 1.0 వచ్చిందంటే, గర్భం లేని మనిషికి అది నార్మలే కావచ్చు, గర్భిణికి మాత్రం కిడ్నీ సరిగ్గా పనిచెయ్యడం లేదేమోనని అనుమానించాల్సిన అంకె. ల్యాబు వాళ్ళ కంప్యూటరు అందరికీ ఒకే హద్దు అచ్చువేస్తుంది. ఆ కాగితం మీద "వయసు, స్త్రీ/పురుషుడు" అని గడి ఉంది. "గర్భిణి" అన్న గడి లేదు.

ఈ కొలతలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. క్రియాటినిన్‌ని బట్టి కిడ్నీ పనితనం లెక్కకట్టడానికి ప్రపంచమంతా దశాబ్దాలపాటు వాడిన సూత్రం 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడాలో ఇచ్చింది. 249 మంది రోగుల లెక్కల మీద కట్టారు. వాళ్ళలో దాదాపు అందరూ మగవాళ్ళే. మరి స్త్రీలకి ఏం చెయ్యాలి? వచ్చిన జవాబులో పదిహేను శాతం తగ్గించుకోమన్నారు. అంటే స్త్రీ అంటే పదిహేను శాతం తక్కువైన పురుషుడన్నమాట! తరవాత మెరుగైన సూత్రాలు వచ్చాయి. అవి కూడా గర్భిణులకి పనికిరావు. దేన్ని "మామూలు మనిషి" అనుకుంటారో ఆ మనిషి శరీరంలో గర్భం లేదు. కూలి రేటు కట్టేటప్పుడు, సెలవులు లెక్కపెట్టేటప్పుడు మనం ఎదుర్కొన్న ప్రశ్నే ఇది. ఎవరిని కొలబద్దగా పెట్టుకున్నారు?

ఇంకో సంగతి. ఇవే హార్మోన్లు రక్తనాళాలని వదులు చేస్తాయి గనక గర్భిణికి నాలుగైదు నెలల్లో బి.పి. మామూలుకన్నా తగ్గుతుంది. నెలలు నిండేకొద్దీ మళ్ళీ పాత చోటికి వస్తుంది. 20 వారాల తరవాత 140/90 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే, దానితో మూత్రంలో ప్రొటీన్ పోతుంటే, అది ప్రీ ఎక్లాంప్సియా. దాన్ని పట్టించుకోకపోతే వచ్చేదే గుర్రపు వాతం. అయితే ఎనిమిదో నెలలో 130/85 ఉన్న అమ్మాయి గురించి ఏమనుకోవాలి? మూడో నెలలో ఆమెకి 125/80 ఉండి ఉంటే అది ఒక సంగతి. 95/60 ఉండి ఉంటే అది వేరే సంగతి. మొదటి అంకె తెలియకుండా రెండో అంకెకి అర్థం లేదు.

మన గోదావరి జిల్లాల్లో ఆ మొదటి అంకె ఎందుకు దొరకదో మీకు తెలియనిది కాదు. మొదటి కాన్పు ఖర్చు పుట్టింటివాళ్ళది. అందుకని మొదటి నెలల్లో అత్తింటివాళ్ళు "వాళ్ళమ్మ చూసుకుంటుందిలే" అంటారు. పుట్టింటివాళ్ళు "ఏడో నెలలో తీసుకొస్తాంగా" అంటారు. కిడ్నీ రక్తనాళాలు తెరుచుకునే ఆ మొదటి వారాల్లో అమ్మాయి ఎవరి ఖర్చులోనూ లేదు. తరవాత సీమంతం ఘనంగా జరుగుతుంది. గాజులు, చలిమిడి, చీరలు అన్నీ పడవెక్కుతాయి. తల్లీ బిడ్డా సంరక్షణ కార్డు మాత్రం అత్తింటి బీరువాలోనో, సబ్‌సెంటరులోనో ఉండిపోతుంది. కొత్త ఊరి ఏఎన్ఎంకి ఆమె ఏడు నెలల చరిత్ర తెలియదు. మా వీధి అమ్మాయి విషయంలో జరిగింది ఇదే. ఈ ఆచారంలో ప్రేమ లేదని నేననను. తల్లి దగ్గర కాన్పు కావాలని ఏ ఆడపిల్లకి ఉండదు? కానీ ఆ ప్రేమ పంపకాల లెక్కలో పడి అమ్మాయి ఒంటిని వదిలేస్తోంది.

ఇక వాపు. గర్భంలో కాళ్ళకి కొంత నీరు చాలామందికి వస్తుంది. అది జబ్బు కాదు. కానీ మొహానికీ చేతులకీ ఉన్నట్టుండి వాపు వస్తే, దానికి తోడు తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, రొమ్ము ఎముక కింద పొట్టపై భాగంలో నొప్పి, మూత్రం తగ్గడం ఉంటే ఆ రోజే బి.పి. చూపించాలి. మన ఇళ్ళలో వాపు చూడగానే చేసేవి రెండు పనులు. నీళ్ళు తాగనివ్వరు, ఉప్పు పూర్తిగా మాన్పించి చప్పిడి పెడతారు. ఆర్ఎంపీ దగ్గరికెళ్తే నీరు పోయే బిళ్ళ ఇస్తాడు. ఉప్పు పూర్తిగా మాన్పించినంత మాత్రాన, నీరు పోయే బిళ్ళలు మింగించినంత మాత్రాన ప్రీ ఎక్లాంప్సియా రాకుండా ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. క్యాల్షియం తక్కువ తినేచోట క్యాల్షియం ఇవ్వడం వల్ల ఉపయోగం ఉందని కూడా చెప్పింది. మన దేశంలో 2014 మార్గదర్శకాల ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకి రెండు క్యాల్షియం బిళ్ళలు ఉచితంగా ఇవ్వాలి. అవి ఇళ్ళలో అటక మీద పడి ఉంటాయి. "బిడ్డ లావైతే ఆపరేషన్ అవుతుందంట" అని మింగరు. ఎందుకు మింగాలో ఎవరూ కూర్చుని చెప్పలేదు మరి.

హార్మోన్లు ఇంకో పని చేస్తాయి. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టాలని కూడా వదులు చేస్తాయి. పైనుంచి పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, ముఖ్యంగా కుడివైపు. మూత్రం నెమ్మదిగా దిగి నిలవ ఉంటుంది. నిలవ ఉన్నచోట సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మంట, నొప్పి ఏమీ లేకుండానే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అది కిడ్నీలోకి పాకితే చలిజ్వరం, నడుం నొప్పి, నెలలు నిండకుండా కాన్పు. ఈ స్థితిలో ఉన్న స్త్రీకి కావలసినవి రెండే. దాహమైనప్పుడు మంచినీళ్ళు, అవసరమైనప్పుడు మరుగుదొడ్డి. నాట్ల రోజుల్లో తెల్లవారి దిగితే మధ్యాహ్నం దాకా మడిలో వంగి ఉండే గర్భిణికి, రొయ్యల షెడ్డులో మంచు నీళ్ళలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడే గర్భిణికి ఈ రెండూ ఎంత దూరమో ఆలోచించండి. చాటు లేక మూత్రం బిగబడతారు. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగరు. పనిచేసే చోట తాగునీరు, స్త్రీలకి వేరే మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ చట్టంలో ఉన్నదే. మరుగుదొడ్డి కోసం పోరాడితే "చిన్న విషయం" అని నవ్వినవాళ్ళని చాలామందిని చూశాను. అది కిడ్నీ విషయం, బిడ్డ విషయం.

నీళ్ళ గురించి ఇంకో మాట. బంగ్లాదేశ్ తీరంలో డాకోప్ అనే ప్రాంతంలో, మనలాంటి డెల్టాలోనే, ఉప్పు కలిసిన తాగునీటికీ గర్భిణుల్లో బి.పి. పెరగడానికీ సంబంధం ఉందని 2011లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. వానలు లేని నెలల్లో, నీళ్ళు ఉప్పెక్కినప్పుడు, ఆ సమస్య ఎక్కువ కనిపించింది. మన తీర మండలాల్లో బోర్లు ఉప్పెక్కిన సంగతి, చెరువుల పక్కన తాగునీరు పాడైన సంగతి ఎవరికి తెలియదు? 2016లో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని నీళ్ళ కోసం రోడ్డెక్కినవాళ్ళలో ముందు వరస స్త్రీలదే. కిడ్నీ జబ్బు అనగానే మన రాష్ట్రంలో అందరికీ ఉద్దానం గుర్తొస్తుంది, గుర్తురావలసిందే. కానీ గోదావరి తీరంలో గర్భిణి తాగే నీటిలో ఉప్పెంత, ఆమె బి.పి. ఎంత అన్న రెండు లెక్కలనీ పక్కపక్కన పెట్టి చూడమని మనం అడగాలి. రెండూ ప్రభుత్వం దగ్గర వేర్వేరు శాఖల్లో ఉంటాయి.

ప్రీ ఎక్లాంప్సియాలో ఏం జరుగుతుందో కూడా ఇప్పుడు చాలావరకు తెలుసు. 2003లో అమెరికాలో పనిచేస్తున్న భారతీయ వైద్యుడు అనంత్ కారుమంచి, ఆయన సహచరులు ఒక సంగతి బయటపెట్టారు. ఈ జబ్బులో మాయ నుంచి ఒక ప్రొటీన్ మోతాదు మించి తల్లి రక్తంలోకి వస్తుంది. అది రక్తనాళాల లోపలి పొరని కాపాడే పదార్థాలని పట్టి కట్టేస్తుంది. కిడ్నీలో వడపోత గుత్తుల లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతుంది. హార్మోన్లు తెరిచిన తూములు మూతపడతాయి. వడపోత తగ్గుతుంది, ప్రొటీన్ కారిపోతుంది, బి.పి. పెరుగుతుంది. ఇందులో గాలి లేదు, దెయ్యం లేదు, కోడలి పాదం మహిమ లేదు. ఫిట్స్ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేటు చవకైనది. అది ఫిట్స్ ముప్పుని సగానికి తగ్గిస్తుందని 2002లో అనేక దేశాల్లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. అందులో మన దేశం స్త్రీలూ ఉన్నారు.

కాన్పుతో ఈ కథ ముగిసిపోదు. నార్వేలో 1967 నుంచి జరిగిన కాన్పుల రికార్డులు చూసి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదటి గర్భంలో ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకి తరవాతి జీవితంలో కిడ్నీలు పూర్తిగా చెడిపోయే అవకాశం మిగతావాళ్ళకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. అయినా అది అరుదే, బెదిరిపోనక్కరలేదు. కానీ ఆ స్త్రీకి ఏటా ఒకసారి బి.పి., మూత్రం, క్రియాటినిన్ చూడాలి. మన దగ్గర కాన్పు అయ్యాక బిడ్డకి టీకాల కార్డు ఉంటుంది. తల్లికి ఏ కార్డూ ఉండదు. బిడ్డ పోతే ఆ కార్డు కూడా లేదు.

మనలో కొందరు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్నే. "గర్భం జబ్బు కాదని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాం. ఇప్పుడు ఇన్ని పరీక్షలు అడిగి స్త్రీని మళ్ళీ ఆసుపత్రి చేతిలో పెట్టడం కాదా?" నా జవాబు ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంకా ఎక్కువ. కడుపు కొయ్యడానికి ఇంత సిద్ధంగా ఉన్న వ్యవస్థ, మూడో నెలలో బి.పి. పట్టీ చుట్టడానికీ, మూత్రంలో ఒక కాగితప్పట్టీ ముంచడానికీ, ఆ అంకె అర్థం ఆమెకి చెప్పడానికీ సిద్ధంగా లేదు. మొదటిదానిలో డబ్బుంది. రెండోదానిలో స్త్రీకి తెలివిడి ఉంది. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చినప్పుడు మన శరీరం గురించి మనకి తెలియడమే మొదటి హక్కు అని మనలో చాలామందికి అర్థమైంది. మనం అడుగుతున్నది ఎక్కువ వైద్యం కాదు, సరైన కొలత.

కాబట్టి మనం ఏం చెయ్యాలి? నెల తప్పిన మొదటి మూడు నెలల్లోనే బి.పి., మూత్రపరీక్ష, వీలైతే క్రియాటినిన్ చేయించి, ఆ అంకెలు కార్డులో రాయించాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది. ఆ రోజు సంఘం నుంచి ఇద్దరు వెళ్ళి కూర్చోవాలి. "ఎంత వచ్చింది?" అని అడగడం, "కాగితం మీద రాయండి" అనడం అలవాటు చెయ్యాలి. గర్భిణి రిపోర్టు మీద గర్భిణుల హద్దులు అచ్చువెయ్యాలని ల్యాబులనీ, జిల్లా వైద్యాధికారులనీ అడగాలి. కార్డు గర్భిణితోపాటే ప్రయాణం చెయ్యాలి. పొలం దగ్గర, షెడ్డు దగ్గర నీళ్ళు, మరుగుదొడ్డి అడిగేటప్పుడు గర్భిణి పేరు చెప్పి మరీ అడగాలి. ప్రీ ఎక్లాంప్సియా వచ్చి బతికిన ప్రతి స్త్రీ పేరూ ఊళ్ళో ఎవరో ఒకరి నోటుపుస్తకంలో ఉండాలి.

ఆ అమ్మాయి కిందటి నెల మా ఇంటికొచ్చింది. అత్తింట్లో మళ్ళీ బిడ్డ కోసం తొందరపెడుతున్నారట. "వద్దంటే వినరండి, నాక్కూడా బిడ్డ కావాలి" అంది. ఆ కాగితాన్ని నేను నార్మల్ అన్న సంగతి ఆమెతో చెప్పి, నాదే తప్పన్నాను. ఆమె కొంచెం సేపు ఏమీ అనలేదు. తరవాత, "అయితే ఈసారి ఏం అడగాలో రాసివ్వండి అక్కా" అంది. రాసిచ్చాను. ముందు ఇప్పుడు బి.పి., మూత్రం, క్రియాటినిన్ చూపించుకో. నెల తప్పగానే డాక్టరుకి పాత సంగతి మొత్తం చెప్పు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అని మూడో నెల దాటేలోగా అడుగు, నీ అంతట నువ్వు మింగకు. క్యాల్షియం మానకు. ప్రతి అంకే రాయించుకో. పుట్టింటికెళ్ళేటప్పుడు కార్డు పెట్టెలో పెట్టకు, చేత్తో పట్టుకెళ్ళు.

ఆమె ఆ కాగితాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఆ ప్రశ్నలు తానే అడుగుతానంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు తోడు నేను వెళ్తున్నాను. మీ ఊళ్ళో ఇలాంటి అమ్మాయికి తోడు ఎవరు వెళ్తారో ఈ పత్రిక చదివిన సాయంత్రమే తేల్చుకోండి.